గోడకు కొట్టిన చొక్కా అంచు

వెండెల్ క్రౌథర్స్‌వి చిన్న చేతులు. మనిషి ఆరడుగుల పైనే ఉంటాడు, భుజాలు గుమ్మానికి తగులుతాయి, మణికట్టు దాటాక మాత్రం పన్నెండేళ్ల ఆడపిల్ల చేతులే. టానరీ గ్యాప్ అనే ఆ కొండ లోయలో ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు. ఏ గొర్రెకైనా కడుపులో పిల్ల అడ్డం తిరిగిందంటే లోయ ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరూ ఫోన్ చేసేది ఆయనకే. బడి బస్సు నిలిపి ఇంటికి వచ్చినవాడు, బల్ల మీద పెట్టిన సూపు అలాగే వదిలి బయల్దేరేవాడు. చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గడ్డిలో గొర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చునేవాడు. పిల్ల బయటపడ్డాక మూతి తుడిచి తల్లి ముందు పెట్టి, తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టేదాకా చూసి, అప్పుడు లేచేవాడు.

అందుకే వేటగాళ్లు ఆయనకు మంత్రసాని అని పేరు పెట్టారు. ప్రేమతో పెట్టిన పేరే. ఆయనా నవ్వేవాడు. నవ్వి, చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

ఇరవై రెండేళ్లుగా ఆ లోయ పిల్లల్ని బడికి చేరుస్తున్నాడు. బస్సు సీటు కింద ఒక డబ్బా నిండా చేతులకు వేసుకునే ఊలు తొడుగులు ఉండేవి. చలికి వేళ్లు ముడుచుకుని బస్సెక్కిన పిల్లకు ఏమీ అడక్కుండా ఒక జత అందించేవాడు. ఆదివారం చర్చిలో పాస్టరు గారి ప్రసంగానికి ముందు వాక్యం చదివేది ఆయనే. ఊళ్లో ఏ చిన్న మాట పట్టింపు వచ్చినా, "వెండెల్ చెప్పాడా? అయితే సరే" అనేవాళ్లు, అక్కడితో అది తీరిపోయేది. అలాంటి మాటను ఆయన ఒక రివాల్వర్ కోసం ఎలా పోగొట్టుకున్నాడో చెప్పాలి.

అది పంతొమ్మిది వందల ఎనభై మూడు, సెప్టెంబరు. వెండెల్ దగ్గర వాళ్ల నాన్న వదిలిపోయిన ముప్పై ఎనిమిది కాలిబర్ రివాల్వర్ ఒకటి ఉండేది. బుధవారం సాయంత్రాలు తుపాకుల క్లబ్బు మైదానంలో దానితోనే కాగితం మీద గురి చూసి కాల్చేవాడు. బాగా కాల్చేవాడు కూడా. కానీ జింకకు అది చాలదు. వేటకు ఆ కొండల్లో అందరూ రైఫిలే పట్టుకెళతారు. మూడేళ్ల కిందట ఎల్వుడ్ రిషెల్ రివాల్వర్‌తో కొమ్ముల జింకను కొట్టాడు. కలప మిల్లు ఎల్వుడ్‌దే, వేటగాళ్లంతా అడవిలో దిగే క్యాబిన్‌కు పెద్దా ఆయనే. అప్పటినుంచి ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. వింటున్న ప్రతిసారీ వెండెల్‌కు తను కూడా ఒక్కసారి అలా కొడితే బావుండునని ఉండేది. కాగితానికీ జింకకూ రెండింటికీ పనికొచ్చే రివాల్వర్ ఒకటి కొనుక్కుందామని శనివారం పొద్దున నోర్మా ఫెటరాఫ్ కొట్టుకు వెళ్లాడు.

నోర్మాకు డెబ్బై దాటాయి. భర్త పోయాక తుపాకుల కొట్టు ఆవిడే నడుపుతోంది. చిన్నప్పుడు వెండెల్‌కు ఆదివారం బడిలో పాఠం చెప్పింది కూడా ఆవిడే. అందుకే ఆయనకు ఆవిడ ఎప్పుడూ 'అమ్మా'నే. కొట్టులో ఇనప పొయ్యి చుట్టూ బెంచీ మీద శనివారం శనివారం నలుగురు మగాళ్లు కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఆ రోజు ఎల్వుడ్ కూడా ఉన్నాడు.

"కాగితానికా నాయనా, జింకకా?" అని అడిగింది నోర్మా.

"రెండింటికీ అమ్మా."

"రెండింటికీ ఒకటే అంటే రోజూ కాల్చబుద్ధేసేది కావాలి. చెయ్యి నొప్పెట్టి నువ్వు మూల పడేశావనుకో, నవంబరు వేటలో అది నీ మాట వినదు."

ఆవిడ గాజు బల్ల కింద నుంచి రెండు తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టింది. ఒకటి మూడు యాభై ఏడు కాలిబర్‌ది. జింకకు దగ్గరనుంచి సరిపోతుంది, పైగా వెండెల్ దగ్గరున్న పాత ముప్పై ఎనిమిది కాలిబర్ తూటాలు కూడా అందులో పడతాయి, ఏడాదంతా వాటితో కాల్చుకోవచ్చు. రెండోది నలభై నాలుగు మాగ్నమ్. నల్లగా, బరువుగా, పిడి లావుగా ఉంది. ఎల్వుడ్‌ది అదే రకం.

తుపాకీ ఎంచడంలో నోర్మాది ఒక పద్ధతి. ఖాళీ చేసిన తుపాకీ చేతికిచ్చి, గొట్టం కొసన గురి చూసే పలక పక్కన ఒక చిన్న నాణెం నిలబెడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే నాణెం కదలకూడదు. కదలకపోతే తుపాకీ ఆ చేతిదే. పడిందంటే వేరేది చూసుకోమంటుంది. మాటలతో ఎవరినీ చిన్నబుచ్చదు, నాణేన్ని చెప్పనిస్తుంది.

మూడు యాభై ఏడు మీద నాణెం మూడుసార్లూ అలాగే నిలబడింది.

"మంత్రసానికి ఆ చిన్నదిచ్చెయ్ నోర్మా," అన్నాడు ఎల్వుడ్ పొయ్యి దగ్గరనుంచి. "గొర్రెపిల్లలు జడుసుకోకుండా ఉంటాయి."

బెంచీ మీద అందరూ నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చిన్నది పక్కన పెట్టి పెద్దది చేతిలోకి తీసుకున్నాడు. పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా రాలేదు. ట్రిగ్గర్ అందుకోవడానికి చెయ్యి ఒక పక్కకు జరపాల్సి వచ్చింది. నాణెం గాజు మీద పడి దొర్లింది. మళ్లీ పెట్టింది ఆవిడ. మళ్లీ పడింది.

"వెలుతురు సరిగ్గా లేదమ్మా ఇక్కడ," అన్నాడు వెండెల్. "ఇదే తీసుకుంటాను."

నోర్మా కళ్లద్దాల పైనుంచి ఆయన్ని చూసింది. ఏదో అనబోయి, బెంచీ వైపు ఒకసారి చూసి, ఊరుకుంది. కాగితాలు రాసింది. డబ్బా కడుతూ తేలిక మందు కూరిన తూటాల పెట్టె ఒకటి పైన పెట్టి, ముందు ఇవి కాల్చి చెయ్యి అలవాటు చేసుకోమని మెల్లగా చెప్పింది. వెండెల్ ఆ పెట్టె విప్పనే లేదు.

మొదటి తూటాకే ఆ తుపాకీ ఆయన బొటనవేలి మొదట్లో కొట్టినట్టు తన్నింది. పదో తూటాకు మణికట్టు వాచింది. ఇరవయ్యో తూటాకు వచ్చేసరికి, ఆయనకు తెలియకుండానే, ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకుపోతున్నాయి, చెయ్యి ముందే కిందికి బెదురుతోంది. ఆయన మాత్రం తప్పంతా గురి పలకదే అనుకున్నాడు. స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తూటాలు మంచివి కావనుకున్నాడు. తర్వాత గాలి అనుకున్నాడు. పొద్దున్నే లేచి మోకాళ్ల మీద దేవుడికి అన్నీ చెప్పుకునే మనిషి, బస్సు బ్రేకుల సంగతి కూడా చెప్పుకునే మనిషి, ఈ ఒక్క సంగతి మాత్రం ప్రార్థనలోకి రానివ్వలేదు.

క్యాబిన్‌లో ఒక నియమం ఉంది. రివాల్వర్‌తో వేటకు వచ్చేవాడు ముందుగా నలభై అంగల దూరం నుంచి కాగితపు పళ్లెంలో ఐదు తూటాలు వరసగా కొట్టి, ఆ పళ్లేన్ని తెచ్చి తలుపు పక్కన మేకుకు తగిలించాలి. చూసినవాడు ఎవరో పళ్లెం వెనక సంతకం చెయ్యాలి. జంతువును బాధ పెట్టకూడదనే ఈ నియమం, పాతకాలం నుంచి వస్తోంది. నవంబరు నడిమికి వెండెల్ దగ్గర పదకొండు పళ్లేలు పోగయ్యాయి. ఒక్కదానిలోనూ రెండు చిల్లులకు మించి లేవు. అవన్నీ పొయ్యిలో వేసి, ఒకరోజు సాయంత్రం కొట్టం వెనక్కి వెళ్లి, నాన్న ముప్పై ఎనిమిదితో ఐదు తూటాలు కాల్చాడు. ఐదు చిల్లులూ తన చిన్న అరచేతి కింద పట్టేంత దగ్గరగా పడ్డాయి. ఆ పళ్లేన్నే క్యాబిన్‌కు తీసుకెళ్లాడు.

"సాక్షి సంతకమేదిరా?" అన్నాడొకడు.

"వెండెల్ తెస్తే సాక్షెందుకు?" అని ఎల్వుడ్ పళ్లెం లాక్కుని తనే మేకుకు గుచ్చాడు. కాసేపు దాన్నే చూసి, వెండెల్‌ను వరండాలోకి పిలిచాడు. ఆ రోజు పొయ్యి దగ్గర ఏదో వాగాననీ, మనసులో పెట్టుకోవద్దనీ అన్నాడు. అంతటితో ఆగలేదు. వాగు మలుపులో పడిపోయిన హెమ్లాక్ చెట్టు దగ్గర, తను పద్దెనిమిదేళ్లుగా ఎవరికీ ఇవ్వని మాటు వేసే చోటు, ఈసారి వెండెల్‌దే అన్నాడు.

అప్పుడైనా చెప్పవలసింది. ఎల్వుడ్ చెయ్యి భుజం మీద ఉంది, వరండాలో మూడో మనిషి లేడు. వెండెల్ థాంక్స్ అని మాత్రం అన్నాడు.

థాంక్స్‌గివింగ్ పండుగ వెళ్లిన సోమవారం వేట మొదలు. ఆ రోజు బళ్లకు సెలవు, బస్సు లేదు. భార్య లుయెల్లా కొత్తగా కుట్టిన ఎరుపు నలుపు గళ్ల ఊలు చొక్కా తొడుక్కుని, తెల్లారకముందే మాటులో కూర్చున్నాడు. నేల మీద చీలమండ లోతు మంచు. ఎనిమిదింటికి కొమ్ముల జింక వాగు దాటి వచ్చింది. ముప్పై ఐదు అంగల దూరంలో, పక్కకు తిరిగి, నిలబడింది. ఎవరికైనా అంతకంటే మంచి గురి దొరకదు. వెండెల్ తుపాకీ చెట్టు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గర్ నొక్కాడు. నొక్కుతున్న క్షణాన జింకను ఆయన చూడలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

కళ్లు తెరిచేసరికి జింక వీపు వంచుకుని పొదల్లోకి పోతోంది. అది నిలబడ్డచోట మంచు మీద గోధుమరంగు వెంట్రుకలు కొన్ని, ముదురు నెత్తురు రెండు బొట్లు. ఆ రంగు నెత్తురు పొట్టలోంచి వస్తుందని వేటగాళ్లందరికీ తెలుసు. అలా తగిలిన జింక వెంటనే చావదు. ఒక రోజు బతుకుతుంది, ఒక్కోసారి రెండు.

వెండెల్ జింక అడుగుల వెంట గట్టెక్కాడు. గట్టు మీద మంచు మళ్లీ మొదలైంది, పెద్ద పెద్ద రేకులుగా. అడుగులు పూడుకుపోసాగాయి. అంతలో కింద ఈల వినిపించింది. తుపాకీ మోత విని ఎల్వుడ్, ఇంకా ఇద్దరు, తమ మాటు చోట్లు వదిలి సాయం పట్టడానికి వచ్చారు. వెండెల్ గట్టు దిగి వాళ్లకు ఎదురెళ్లాడు. నెత్తురు బొట్లు వాళ్ల కాళ్లకు పది అంగల దూరంలోనే ఉన్నాయి.

"పడిందా?" అన్నాడు ఎల్వుడ్. ముఖమంతా సంతోషం.

గాయపడిన జింక ఉందంటే క్యాబిన్ అంతా వేట మానుకుని దాని వెంట పోవాలి. అదీ నియమమే. ఎనిమిదిమంది మొదటి రోజు వేట తన వల్ల పోతుంది. వాళ్లకోసమే ఆలోచిస్తున్నాననుకున్నాడు వెండెల్. నిజానికి ఆయనకు కళ్ల ముందు కనిపించింది తలుపు పక్కన వేలాడుతున్న పళ్లెం.

"తప్పింది," అన్నాడు.

ఎల్వుడ్ పది అంగలు వేసి మంచు చూడలేదు. వెండెల్ చెప్పాక చూడవలసిన పని లేదు.

గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి పేరూ తేదీ రాసి గోడకు కొట్టడం ఆ క్యాబిన్‌లో ఆచారం. మధ్యాహ్నం బీన్సు సూపు దగ్గర వెండెల్‌ను బల్ల మీద నిలబెట్టారు. ఎల్వుడ్ కత్తెర తెచ్చి లుయెల్లా కుట్టిన చొక్కా వెనక అంచు జానెడు కత్తిరించాడు. వడ్రంగి పెన్సిలుతో 'క్రౌథర్స్, తప్పింది' అని రాసి, పాత అంచుల వరసలో మేకు కొట్టాడు. అక్కడ ఎల్వుడ్ పేరుతోనే నాలుగున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సూపులో మాంసం ముక్కలు ఎక్కువున్న గిన్నె ఏరి వెండెల్ ముందు పెట్టారు. ఒకడు తన వాటా 'యాపిల్ పై' ముక్క కూడా ఇచ్చాడు. వెండెల్ దాన్ని పక్కకు జరిపాడు. చేసిన తప్పుకు ఈ చిన్న సిగ్గుతో ఎంత చవకగా బయటపడ్డాడో ఆయనకు అర్థమవుతూనే ఉంది.

భోజనం కాగానే గట్టు దాటి ఒక్కడే వెళ్లి వెతకాలనుకున్నాడు. కానీ ఎల్వుడ్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వెంట వచ్చాడు. గురి తప్పిన రోజు ఒక్కడూ కూర్చుంటే మనసు పాడవుతుందని, చీకటి పడేదాకా హెమ్లాక్ చెట్టు దగ్గర పక్కనే కూర్చున్నాడు. తను తప్పిన నాలుగుసార్ల కథలూ చెప్పాడు. మంచు పడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక లుయెల్లా చొక్కా చూసి పకపకా నవ్వింది. మొదటి రోజే కత్తిరించుకొచ్చావా అంటూ దీపం దగ్గర కూర్చుని ఆకుపచ్చ దారంతో అంచు మడిచి కుట్టేసింది. గళ్లకు నప్పే దారం ఇంట్లో లేదు మరి. వెండెల్ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం సాయంత్రం చివరి పిల్లను దింపి బస్సు తిప్పుతుంటే నోర్మా తన గేటు దగ్గర నిలబడి ఉంది. బస్సాపమని చెయ్యి ఎత్తింది. లోపల వంటింట్లో కూర్చోబెట్టి, బక్‌వీట్ పిండి అట్లు రెండు వేడి చేసి, యాపిల్ మురబ్బా పక్కన పెట్టింది. తర్వాత కిటికీ మీదనుంచి ఒక సాసర్ తెచ్చి ఆయన ముందుంచింది. సాసర్‌లో నలిగిన తూటా ఒకటి. కడిగి ఉంది.

వెండెల్ దాన్ని చూశాడు. అంత లావు తూటా ఆ లోయలో ఇద్దరి తుపాకుల్లోనే పడుతుంది. ఎల్వుడ్ ఈసారి రైఫిల్ తెచ్చాడు.

"జింక నా యాపిల్ చెట్ల కింద పడుకుని ఉంది," అంది నోర్మా. "పొద్దున పిట్టలకు గింజలు వెయ్యబోతే కనిపించింది. తల ఎత్తి నన్ను చూసింది. లేవలేకపోయింది నాయనా."

వెండెల్ సాసర్‌ను మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"మా ఆయన పోయాక నేను రైఫిల్ పేల్చలేదు. ఇవాళ పేల్చా." ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. "దాని పొట్టలోంచి ఈ తూటా తీశా, తర్వాత అటవీ శాఖ అతను వచ్చి జింకను తీసుకుపోయాడు. మాంసం ఎందుకూ పనికిరాదన్నాడు, రెండు రోజులయింది కదా. ఎవరు కొట్టారో తెలుసా అని అడిగాడు. తెలుసు, ఆ మనిషే నీకు చెబుతాడన్నా."

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి మంచులో నిలబడి వెండెల్ తప్పు తుడిచింది. అది ఊహలో కనిపించి ఆయన తల ఎత్తలేకపోయాడు. అట్లు చల్లారిపోయాయి.

"నేనే అమ్మా," అన్నాడు చివరికి. "తప్పిందని చెప్పాను."

"తెలుసు. చొక్కా సంగతి ఊరంతా చెప్పుకుంటోంది." చల్లారిన అట్లు తీసి పక్కన పెట్టి, "నాణెం రెండుసార్లు పడటం నేను చూశా. బెంచీ మీద వాళ్లున్నారని రెండో మాట చెప్పలేదు. నీ పరువు కాపాడాననుకున్నా. నాదీ తప్పుందిలే ఇందులో," అంది.

ఆ మాట వెండెల్‌కు ఊరట కాలేదు సరికదా, ఇంకా బరువైంది. తను చేసిన దానికి ఆవిడ వాటా అడుగుతోంది.

మర్నాడు ఆవిడ తన పెరటి పొలంలోకి తుపాకీ తెమ్మంది. తూటాలు తనే నింపింది, ఆయన్ని అటు తిరిగి నిలబడమని. తుపాకీలో తూటాలు పట్టే ఆరు గదుల్లో మూడింటిలో నిజం తూటాలు, మూడింటిలో కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు. ఏది ఎక్కడుందో ఆయనకు తెలియదు. మొదటిసారి నొక్కితే పేలింది. రెండోసారి టిక్కుమంది, అంతే. పేలని ఆ తుపాకీ వెండెల్ చేతిలో గబుక్కున కిందికి దిగింది, ఎవరో దాని కొస పట్టుకుని లాగినట్టు. తుపాకీ తన్నలేదు. చెయ్యే బెదిరింది. గురి పలక కాదు, తూటాలు కాదు, గాలి కాదు. పక్కనున్న నోర్మాకు కనిపించినంత స్పష్టంగా ఆయనకూ కనిపించింది.

ఆవిడ నవ్వలేదు. తుపాకీ మెల్లగా తీసుకుని ఖాళీ చేసింది. ఎంతోమందికి ఇలాగే అవుతుందనీ, చిన్నదానితో మొదలుపెడితే ఏడాదిలో పోతుందనీ చెప్పింది. సిగ్గు పడాల్సింది చెయ్యి బెదిరినందుకు కాదని ఆవిడ అనలేదు. అననక్కర్లేకుండానే వెండెల్‌కు తెలిసింది.

అటవీ అధికారికి ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర లుయెల్లాకు మొత్తం చెప్పాడు. ఆమె విని చాలాసేపు బల్ల మీది గుడ్డ సరిచేస్తూ కూర్చుంది.

"చొక్కా కుడుతున్నప్పుడు నువ్వు ఒక్కసారి కూడా నా వైపు చూళ్లేదు," అంది. "పాపం, బాధగా ఉందేమో అనుకున్నా." శనివారం పొద్దున ఆ చొక్కానే ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది.

శనివారం క్యాబిన్‌లో అందరూ భోజనానికి చేరారు. వెండెల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. సూపు గిన్నెల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. జింకకు తగిలిందనీ, నెత్తురు చూశాననీ, నోర్మా తోటలో రెండు రోజులు బతికి ఉందనీ, ఆవిడే దాన్ని చంపాల్సి వచ్చిందనీ చెప్పాడు. చర్చిలో వాక్యం చదివే గొంతు కాదది, ముందువరస వాళ్లకే వినిపించింది. వెనకవాళ్లు ఏమన్నాడని పక్కవాళ్లను అడిగారు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

తర్వాత మేకు నుంచి పళ్లెం తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి నలభై నాలుగు మాగ్నమ్ తూటా ఒకటి తీసి, దాని కొసను ఒక చిల్లులోకి పెట్టి చూపించాడు. చిల్లు చిన్నది. తూటా పట్టలేదు.

ఎల్వుడ్ ఆ పళ్లేన్ని తిప్పి తిప్పి చూశాడు. కోపం తెచ్చుకుంటాడని అందరూ అనుకున్నారు. వెండెల్ కూడా అనుకున్నాడు, తెచ్చుకుంటే బావుండునని కూడా అనుకున్నాడు.

"ఆ రోజు చీకటిపడేదాకా నీ పక్కనే కూర్చున్నా గదరా," అన్నాడు ఎల్వుడ్. "ఇద్దరం కలిసి వెతికుంటే దొరికేది కదరా."

వెండెల్ వడ్రంగి పెన్సిలు అడిగి తీసుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్లి, తన చొక్కా అంచు మీద 'తప్పింది' అన్న మాట కొట్టేసి, కింద 'తగిలింది. చెప్పలేదు' అని రాశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకతను లేచి తలుపు తీసి పట్టుకున్నాడు, ఆయన వెళ్లేదాకా.

పెద్ద రివాల్వర్ నోర్మాకే తిరిగిచ్చి మూడు యాభై ఏడు తెచ్చుకున్నాడు. ఏడాదంతా నాణెం పెట్టుకుని ఖాళీ తుపాకీతో, తర్వాత తేలిక తూటాలతో, తర్వాత అసలు వాటితో కాల్చాడు. మరుసటి నవంబరులో ఐదు చిల్లుల పళ్లెం తీసుకెళ్లాడు. వెనక నోర్మా సంతకం ఉంది, అడక్కుండానే చేయించుకున్నాడు. ఎల్వుడ్ పళ్లెం తిప్పి సంతకం చదివాడు. పైనుంచి కింద దాకా చదివాడు. ఎవరి పళ్లెం వెనకైనా ఉన్న సంతకాన్ని ఎల్వుడ్ చదవడం వెండెల్ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చదివి, మేకుకు తగిలించి, వెళ్లి కూర్చోమన్నాడు. హెమ్లాక్ చెట్టు మాటు ఆ ఏడు గానీ, ఆ తర్వాత గానీ ఇవ్వలేదు. వెండెల్ అడగలేదు.

'వెండెల్ చెప్పాడా? అయితే సరే' అనే మాట కూడా ఊళ్లో మెల్లగా ఆగిపోయింది. ఎవరూ కావాలని ఆపలేదు. పిల్లల తొడుగుల డబ్బా, గొర్రెల కాన్పులు, ఆదివారం వాక్యం అన్నీ అలాగే ఉన్నాయి. పాస్టరు గారు వాక్యం చదవడం మానొద్దన్నారు. చదివేవాడు, కానీ చదువుతూ మునుపటిలా తలెత్తి మనుషుల ముఖాల్లోకి చూసేవాడు కాదు.

ఇంకొకటి మాత్రం కొత్తగా మొదలైంది. రెండేళ్ల తర్వాత ఒక వేటగాడి గురి చెదిరి జింకకు కాలి దగ్గర తగిలింది. క్యాబిన్‌లో చెప్పుకోలేక అతను నేరుగా వెండెల్ ఇంటికి వచ్చాడు. గోడ మీది రాత అతను చదివినవాడే. వెండెల్ అతని వెంట వెళ్లి సాయంత్రానికి జింకను కనిపెట్టాడు. ఆ కబురు ఒకరినుంచి ఒకరికి పాకింది. ఆ తర్వాత ఏటా నవంబరులో ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్లు. మంచులో మోకాళ్ల మీద కూర్చుని, ఆ చిన్న చేతులతో ఒక్కో ఆకు తిప్పి నెత్తుటి చుక్క వెతికేవాడు. దొరికేదాకా తిరిగి వచ్చేవాడు కాదు. వెళ్లేటప్పుడు ఆకుపచ్చ దారం కుట్టిన చొక్కానే తొడుక్కునేవాడు. చాలా ఏళ్లు అలా గడిచినా క్యాబిన్‌లో ఆ గోడ వైపు కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం ఆయనకు చాతకాలేదు.

పదకొండేళ్ల తర్వాత ఒక సోమవారం మధ్యాహ్నం, పక్క కొండ క్యాబిన్ నుంచి ఎవరో కొత్త మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు. "నేను... మా వాళ్లతో తప్పిందని..." అని ఆగిపోయాడు.

లుయెల్లా అతనికి పొయ్యి పక్కన ఆరేసిన ఊలు తొడుగులు ఒక జత అందించింది. వెండెల్ అతని ముఖంలోకి చూడలేదు. గుమ్మం మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "మీవాళ్లకు దారిలో చెబుదువుగాని, నేనూ పక్కనుంటా," అన్నాడు. "ముందు ఎక్కడ నిలబడి కాల్చావో చూపించు. మంచు పట్టేలా ఉంది."